పెట్టెతో సియాటిల్ రైలెక్కితే



విదేశీ ప్రయాణం అనగానే మనం నెలల ముందు నుంచే లెక్కలు వేసుకుంటాం. టికెట్టు ఎప్పుడు కొంటే చవక, దుబాయ్ మీదుగా వెళ్తే ఎన్ని గంటలు, దోహా మీదుగా వెళ్తే ఎన్ని గంటలు, ఎన్ని కిలోలు తీసుకెళ్లనిస్తారు, ఇవన్నీ కాగితం మీద పెడతాం. విమానాశ్రయం నుంచి హోటల్ దాకా ఉన్న చివరి ఇరవై కిలోమీటర్ల సంగతి మాత్రం దిగాక ఎవరినో ఒకరిని అడుగుదాంలే అని వదిలేస్తాం. ఒళ్లు అలిసిపోయి, నిద్ర కళ్లతో, చేతిలో పెట్టెలతో ఉన్నప్పుడు ఆ ఇరవై కిలోమీటర్లే అన్నిటికన్నా కష్టమవుతాయి. ఇవాళ వాటి గురించే మాట్లాడదలచుకున్నాను.

ఊరు సియాటిల్. అమెరికాకు వాయవ్య మూల, వాషింగ్టన్ రాష్ట్రం. అమెజాన్ ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే, మైక్రోసాఫ్ట్ పక్కనున్న రెడ్మండ్‌లో, బోయింగ్ పుట్టిందీ అక్కడే. అందుకే మనవాళ్లు పెద్ద సంఖ్యలో అక్కడ స్థిరపడ్డారు. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల కోసం పిల్లలు కారు తీసుకుని వస్తారు, వాళ్లకు ఈ బాధ లేదు. నేను చెప్పేది హోటల్లో దిగేవాళ్ల కోసం. ఆఫీసు పని మీద వెళ్లేవాళ్లు, సదస్సుకు వెళ్లేవాళ్లు, అలాస్కా వెళ్లే ఓడ ఎక్కడానికి ఒకరోజు ముందుగా ఊరు చేరేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు.

అక్కడి విమానాశ్రయం పేరు సియాటిల్-టకోమా. అందరూ సీటాక్ అంటారు. అక్కడి నుంచి ఊరి నడిబొడ్డుకు లింక్ అనే లైట్ రైలు ఉంది. పెద్దలకు టికెట్టు 3 డాలర్లు. 2024 ఆగస్టు చివరి నుంచి ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా ఇదే ధర. 18 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు టికెట్టే లేదు. ఊరి మధ్యకు సుమారు 40 నిమిషాల ప్రయాణం. అదే దూరానికి క్యాబ్ ఎక్కితే పదింతలకు పైగా అవుతుంది. సాయంత్రం వేళ ఐ-5 రహదారి మీద వాహనాలు బారులు తీరితే క్యాబ్ ఎంతసేపటికి చేరుతుందో డ్రైవరు కూడా చెప్పలేడు. రైలు మాత్రం ఏ వేళైనా ఆ 40 నిమిషాలే.

3 డాలర్లు, 40 నిమిషాలు. ఎవరిని అడిగినా ఈ రెండు అంకెలే చెబుతారు. రెండూ నిజమే. కానీ పెట్టెలున్న మనిషికి ఈ రెండూ చాలవు. రైల్లో కూర్చున్నంతసేపూ పెట్టె బరువును రైలే మోస్తుంది. అది మన మీద పడేది రైలెక్కే ముందు, రైలు దిగాక. కాబట్టి పెట్టెతో వచ్చేవారు ముందుగా అడగాల్సింది నడక ఎంత, ఎక్కడెక్కడ ఎత్తు ఎక్కాలి అన్నది.

సీటాక్‌లో ఆ నడక కాస్త ఎక్కువే. స్టేషను టెర్మినల్‌లో ఉండదు. సామాను తీసుకున్నాక లిఫ్ట్‌లో పైకి వెళ్లి, వంతెన మీదుగా ఎదురుగా ఉన్న పెద్ద పార్కింగ్ భవనం నాలుగో అంతస్తులోకి రావాలి. ఆ భవనం పక్కగా గీసిన బాట వెంట చివరిదాకా నడిచి, ఇంకో చిన్న వంతెన దాటితే స్టేషను. అంతా కలిపి 400 మీటర్లకు అటూ ఇటూ. నేల చదునుగా ఉంటుంది, బోర్డులు ఉంటాయి, దారి తప్పే భయం లేదు. చేతిలో ఒక్క పెట్టె ఉంటే అయిదారు నిమిషాల పని. రెండు పెద్ద పెట్టెలు, భుజాన సంచి, చంకలో నిద్రపోతున్న బిడ్డ ఉంటే అదే దారి తరగదు. పెద్దవాళ్ల కోసం, నడవలేనివాళ్ల కోసం ఆ దారిలో చిన్న బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి. డబ్బేమీ తీసుకోరు. మొహమాటపడకుండా చెయ్యెత్తి ఆపండి. మన పెద్దవాళ్లు పక్కనే బండి పోతున్నా అడగకుండా పెట్టెలు లాక్కుంటూ నడుస్తారు, చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

విదేశాల నుంచి నేరుగా అక్కడ దిగేవాళ్లకు ఇంకో సంగతి. 2022లో కొత్త అంతర్జాతీయ ఆగమన భవనం తెరిచారు. విమానం దిగాక ఒక ఎత్తయిన వంతెన మీదుగా ఆ భవనానికి వస్తాం. వంతెన కింద నుంచి విమానాలు వెళ్తుంటాయి. పిల్లలు అద్దాలకు అతుక్కుపోతారు, పెద్దవాళ్లయినా ఓ క్షణం ఆగి చూడదగ్గ దృశ్యమే. కాకపోతే అదీ నడకే. అది నడిచి, ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి, సామాను తీసుకున్నాకే రైలు దాకా నడక మొదలవుతుందని గుర్తుంచుకోవాలి.

ఇలాగే ఉండాలనేం లేదు. సియాటిల్‌కు దక్షిణంగా మూడు గంటల దూరంలో పోర్ట్‌లాండ్ ఉంది. అక్కడి విమానాశ్రయానికి మ్యాక్స్ లైట్ రైలు 2001 సెప్టెంబర్‌లో వచ్చింది. సామాను తీసుకునే అంతస్తులోనే, భవనం దక్షిణపు చివర రైలు నిలబడి ఉంటుంది. బెల్టు మీది పెట్టె దించుకుని, లిఫ్ట్ అవసరం లేకుండా, ఎత్తు ఎక్కకుండా రైల్లో కాలు పెట్టవచ్చు. ఊళ్లో కూడా అది వీధి మీదే నడుస్తుంది కాబట్టి దిగగానే ఫుట్‌పాత్ మీద ఉంటాం. ఊరి మధ్యకు పట్టే సమయం రెండు చోట్లా దాదాపు ఒకటే. కానీ పెట్టెతో వచ్చినవాడిని అడిగితే పోర్ట్‌లాండ్‌కే ఎక్కువ మార్కులు వేస్తాడు. నేనూ దానికే వేస్తాను.

సియాటిల్‌కు రైలు ఆలస్యంగా వచ్చిన కథ కూడా చెప్పుకోదగ్గదే. 1968లో అమెరికాలో మొట్టమొదటిసారి క్లీవ్‌లాండ్ విమానాశ్రయానికి పట్టణ రైలు వేశారు. సరిగ్గా అదే ఏడాది సియాటిల్ ప్రజల ముందు రైలు వ్యవస్థ కోసం ఓటింగ్ పెట్టారు. సగానికి పైగా జనం ఔనన్నారు. కానీ నిబంధన ప్రకారం నూటికి 60 మంది ఔననాలి, అంత రాలేదు. 1970లో మళ్లీ పెడితే ఈసారి సగం కూడా రాలేదు. కేంద్రం ఇవ్వజూపిన నిధులు అట్లాంటాకు వెళ్లాయి. అట్లాంటాలో ఉన్న మన తెలుగువాళ్లు విమానాశ్రయంలోనే ఎక్కే మార్టా రైలు ఆ డబ్బు చలవే. సియాటిల్ ప్రజలు చివరికి ఒప్పుకున్నది 1996లో. 2009 జులైలో రైలు మొదలై, అదే ఏడాది డిసెంబర్ 19న విమానాశ్రయం చేరింది. రెండు ఓటింగులు తప్పితే రెండు తరాలు పెట్టెలు మోసుకుంటూ బస్సుల కోసం నిలబడ్డాయి. ఇది తలచుకున్నప్పుడల్లా ప్రజా రవాణా మీద వేసే ఓటు ఎంత దూరం పోతుందో అనిపిస్తుంది.

ఇక స్టేషనులోకి వద్దాం. టికెట్టు తీసుకోవడానికి యంత్రాలుంటాయి. కాగితం టికెట్టు తీసుకోవచ్చు, ఓర్కా అనే కార్డు కొనుక్కోవచ్చు. కార్డుకు విడిగా 3 డాలర్లు. ఊళ్లో రెండు మూడు రోజులు ఉండేవాళ్లు కార్డే కొనడం మంచిది. ఎందుకంటే రైలు దిగి బస్సెక్కినా రెండు గంటల లోపు మళ్లీ కట్టక్కర్లేదు. కాగితం టికెట్టు బస్సులో చెల్లదు. హైదరాబాద్ మెట్రోలో ఉన్నట్టు తలుపులు తెరుచుకునే గేట్లు ఉండవు. పసుపుపచ్చ రంగులో ఒక స్తంభం ఉంటుంది, దానికి కార్డు తాకించి లోపలికి వెళ్లాలి. గేటు లేదు కదా అని తాకించకుండా వెళ్లిపోకండి. రైల్లో తనిఖీ చేస్తారు. ఇదివరకు దిగేటప్పుడు కూడా తాకించాల్సి వచ్చేది, ఒకే ధర అయ్యాక ఆ అవసరం పోయింది. చేతుల్లో సామాను ఉన్నవాళ్లకు అదో సుఖం.

అక్కడ ప్లాట్‌ఫారం ఒక్కటే, నడిమధ్యన ఉంటుంది. అటు ఒక రైలు, ఇటు ఒక రైలు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఒకసారి నేను నిలబడి ఉండగా ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఆమె చేతిలో నాలుగు చక్రాల సూట్‌కేసు, ఆయన చేతిలో తాడుతో కట్టిన అట్టపెట్టె. నేను ఫోనులో తెలుగులో మాట్లాడడం విన్నారు కాబోలు, దగ్గరికొచ్చి, "బాబూ, ఊళ్లోకి పోయేది ఏ పక్కకొస్తుంది?" అని అడిగారు. "లిన్‌వుడ్ అని రాసున్నది ఎక్కాలి బాబాయ్‌గారూ, ఉత్తరానికి పోయేది. ఫెడరల్ వే అని ఉంటే అది అవతలి వైపు పోతుంది," అన్నాను. వాళ్లది తెనాలి. కొడుకు వేరే ఊళ్లో పనిలో ఉండి రాలేకపోతే, ఆ రాత్రికి హోటల్లో ఉండి మర్నాడు అతని దగ్గరికి వెళ్తున్నారట. ముగ్గురం కలిసే ఎక్కాం.

రైలు నేల, ప్లాట్‌ఫారం ఒకే మట్టంలో ఉంటాయి. మెట్టు ఎక్కే పని లేదు, చక్రాలు దొర్లుకుంటూ లోపలికి పోతాయి. ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ నాలుగు చక్రాల సూట్‌కేసులు విమానాశ్రయంలో వేలితో తోస్తే నడుస్తాయి. రైలు బ్రేకు వేసినప్పుడు ఎవరూ తోయకుండానే నడుస్తాయి. మాకూ అదే జరిగింది. పిన్నిగారు సీట్లో కూర్చుని ముందు పెట్టెను నిలబెట్టారు. రైలు వేగం తగ్గగానే అది ఆమె చెయ్యి జారి, నడవా వెంట నాలుగు సీట్లు దాటి పోయింది. తలుపు దగ్గర నిలబడ్డ ఒక కుర్రాడు కాలు అడ్డం పెట్టి ఆపి, నవ్వుతూ తెచ్చి ఇచ్చాడు. బాబాయ్‌గారు దాన్ని పక్కకు పడుకోబెట్టి, మోకాలు ఆనించి కూర్చున్నారు. అంతే, చివరిదాకా కదల్లేదు. పెద్ద పెట్టెలకు ఆ రైల్లో ప్రత్యేకంగా గదులేమీ లేవు. తలుపుల దగ్గర, సైకిళ్లు తగిలించే చోట కాస్త ఖాళీ ఉంటుంది. రైలు మధ్య భాగంలో నేల పల్లంగా ఉంటుంది, చివర సీట్లకు మెట్లు ఎక్కాలి. సామానుంటే ఆ మెట్ల జోలికి పోవద్దు.

దారి చూడముచ్చటగా ఉంటుంది. మొదట పై వంతెన మీద పోతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున ఆగ్నేయంగా రైనియర్ కొండ మంచు తలపాగాతో కనిపిస్తుంది. తర్వాత రైలు కిందికి దిగి మార్టిన్ లూథర్ కింగ్ రోడ్డు మధ్యగా, కార్లకు పక్కనే, సిగ్నళ్ల నడుమ నడుస్తుంది. దుకాణాలు, ఇళ్లు, వియత్నాం భోజనశాలలు, బడి నుంచి వస్తున్న పిల్లలు. ఊరు మామూలుగా ఎలా బతుకుతుందో కిటికీలోంచి చూడవచ్చు. క్యాబ్‌లో వచ్చినవాడికి రహదారి గోడలే కనిపిస్తాయి. బీకన్ హిల్ దగ్గర కొండను తొలిచిన సొరంగంలోంచి అవతలికి పోతుంది. ఊరి మధ్యకు వచ్చేసరికి మళ్లీ నేలలోకి దిగుతుంది. ఆ సొరంగం 1990లో బస్సుల కోసం తవ్వింది. 2009 నుంచి బస్సులు, రైళ్లు ఒకే సొరంగంలో నడిచాయి, 2019 నుంచి రైళ్లకే వదిలారు.

అసలు సంగతికి ఇప్పుడొచ్చాం. ఎక్కడ దిగాలి? ఊరి నడిమిన మూడు స్టేషన్లు వరసగా వస్తాయి. పయొనీర్ స్క్వేర్, సింఫనీ, వెస్ట్‌లేక్. పాత పటాల్లో సింఫనీకి యూనివర్సిటీ స్ట్రీట్ అని ఉంటుంది. పేరు చూసి విశ్వవిద్యాలయం అక్కడే అనుకుని పొరబడేవాళ్లు ఎక్కువవడంతో 2024లో మార్చారు. స్టేషన్లు మూడూ దగ్గర దగ్గరే, ఏదైతేనేం అనిపిస్తుంది. సియాటిల్‌లో అలా అనుకోకూడదు. ఆ ఊరు సముద్రపు ఒడ్డు నుంచి తూర్పుకు ఏటవాలుగా లేచిన కొండ మీద ఉంది. మొదటి అవెన్యూ నీటికి దగ్గర, కిందన. రెండు, మూడు, నాలుగు, అయిదు అని అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. అవెన్యూ వెంట నడిస్తే నేల మెల్లగా వాలుతుంది. అడ్డంగా స్ట్రీట్ వెంట తూర్పుకు నడిస్తే, కొన్నిచోట్ల మన సింహాచలం మెట్లెక్కినట్టే ఉంటుంది. చేతిలో 23 కిలోల పెట్టె ఉంటే మూడో అవెన్యూ నుంచి అయిదో అవెన్యూకి వెళ్లే రెండు వీధులే ఊపిరి తీస్తాయి.

దీనికి అక్కడివాళ్లకు ఒక చిట్కా ఉంది. అడ్డ వీధుల పేర్లు దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే అక్షరంతో జంటలు జంటలుగా వస్తాయి. జెఫర్సన్, జేమ్స్. చెర్రీ, కొలంబియా. మారియన్, మాడిసన్. స్ప్రింగ్, సెనెకా. యూనివర్సిటీ, యూనియన్. పైక్, పైన్. ఈ వరస కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. హోటల్ చిరునామాలో జేమ్స్, చెర్రీ ఉంటే పయొనీర్ స్క్వేర్. సెనెకా, యూనివర్సిటీ, యూనియన్ ఉంటే సింఫనీ. పైక్, పైన్ ఉంటే వెస్ట్‌లేక్. మధ్యలో ఉన్న మారియన్, మాడిసన్, స్ప్రింగ్‌లకే చిక్కు. అవి బాగా నిటారు వీధులు. అక్కడ హోటల్ నాలుగో అవెన్యూకి పైన ఉంటే దగ్గర స్టేషను కోసం వెతక్కండి. వెస్ట్‌లేక్‌లో దిగి, ఎత్తు తక్కువైన పైన్ వీధిలో పైకి వెళ్లి, అక్కడి నుంచి అవెన్యూ వెంట దక్షిణానికి నడవండి. దూరం కాస్త ఎక్కువైనా చక్రాలకు, గుండెకు మేలు. లేదా జి లైన్ బస్సు ఉంది. 2024 సెప్టెంబర్‌లో మొదలైంది, మాడిసన్, స్ప్రింగ్ వీధుల్లోనే కొండెక్కుతుంది. ఓర్కా కార్డు ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇంకో మాట. ఒక్కో స్టేషనుకు నాలుగైదు ద్వారాలుంటాయి, అవి వేరు వేరు ఎత్తుల్లో తేలతాయి. సింఫనీ నుంచి ఒక దారి మూడో అవెన్యూకి, ఇంకో దారి కిందనున్న రెండో అవెన్యూకి, బెనరోయా సంగీతశాల పక్కకు వస్తుంది. హోటల్ మొదటి అవెన్యూ మీద ఉంటే రెండో దారి పట్టుకోవాలి, అప్పుడు కొండ దిగే పని సగం తగ్గుతుంది. హోటల్‌కు ముందే ఫోను చేసి, "మీకు దగ్గరి స్టేషను ఏది, ఏ ద్వారంలోంచి రావాలి, లిఫ్ట్ ఏ వైపుంది?" అని అడగండి. రోజూ ఇలాంటి ప్రశ్నలు వినేవాళ్లే, చక్కగా చెబుతారు. లిఫ్ట్ గురించి ఎందుకు అడగమంటున్నానంటే, సొరంగం పాతది, ఎస్కలేటర్ ఆగి ఉన్న రోజున పెట్టెతో ఆ మెట్లు ఎక్కడం ఎవరి వల్లా కాదు.

ఎవరు రైలెక్కకూడదో కూడా చెప్పాలి. మన విమానాల్లో మనిషికి రెండు పెద్ద పెట్టెలు తెచ్చుకోనిస్తారు. ఆ రెండింటినీ, చేతి సంచినీ ఒకేసారి, ఎవరి సాయం లేకుండా, వంద అడుగులు నడిపించగలరా అని ఇంటి దగ్గరే, మీ వరండాలోనే పరీక్షించి చూసుకోండి. నడిపించలేకపోతే క్యాబ్ ఎక్కండి. ఆ డబ్బు వృథా కాదు. నలుగురు కలిసి వస్తే కూడా క్యాబే నయం, తలకు పడేది తగ్గుతుంది, పెట్టెలు డిక్కీలో పడతాయి. బాగా రాత్రయ్యాక దిగేవాళ్లూ అంతే. అర్ధరాత్రి దాటాక కాసేపటికి రైళ్లు ఆగి, తెల్లవారుజామున మొదలవుతాయి. పైగా మూడో అవెన్యూ రాత్రి వేళ నిర్మానుష్యంగా ఉంటుంది. నిలువ నీడ లేనివాళ్లు, మత్తుకు బానిసలైనవాళ్లు ఆ వీధుల్లో కనిపిస్తారు. వాళ్లు చాలావరకు మన జోలికి రారు, జాలిపడాల్సిన మనుషులు. అయినా కొత్త ఊరు, చేతుల నిండా సామాను, చీకటి, ఈ మూడూ కలిసినప్పుడు వీధిలో దారి వెతుక్కోవడం మంచిది కాదు. పగటిపూట, ఒక పెట్టెతో, ఒక్కరో ఇద్దరో వచ్చినవాళ్లకు మాత్రం నా సలహా ఒక్కటే, రైలెక్కండి.

చివరిగా మన ఊళ్ల సంగతి. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది, మెట్రో 2017లో వచ్చింది. రెండింటినీ కలిపే రైలు ప్రణాళిక ఏళ్లుగా మాటల్లో ఉంది, ప్రయాణికులు ఇప్పటికీ పుష్పక్ బస్సులోనో క్యాబ్‌లోనో వస్తున్నారు. విశాఖ దగ్గర భోగాపురంలో కొత్త విమానాశ్రయం, విశాఖకు మెట్రో ఆలోచన కూడా ఉన్నాయి. ఆ నక్షాలు గీసే ఇంజినీర్లకు, వాటిని ఆమోదించే పెద్దలకు నా విన్నపం. స్టేషను గుర్తు పెట్టేముందు మీరే రెండు పెట్టెలు తీసుకుని, సామాను బెల్టు నుంచి ఆ గుర్తు దాకా నడిచి చూడండి. ఎండాకాలం మధ్యాహ్నం ఒకసారి, వానలో ఒకసారి. దారంతా పైకప్పు ఉండాలి, నేల ఒకే మట్టంలో ఉండాలి, లిఫ్ట్‌లో రెండు ట్రాలీలు పట్టాలి, ట్రాలీని ప్లాట్‌ఫారం దాకా రానివ్వాలి. కట్టకముందు నక్షాలో మార్చడానికి ఒక గీత చాలు.